నేపాల్ వెళ్ళి నిరుపేద పిల్లలకు, ఊళ్ళకు సాయం చేయడం ఎలా

నేపాల్‌లో అనాథాశ్రమం అని బోర్డు పెట్టిన ఇళ్ళలో ఉండే పిల్లల్లో ఎక్కువమంది అనాథలు కారు. 2015 భూకంపం తర్వాత యూనిసెఫ్ చెప్పిన లెక్క ప్రకారం ఆ దేశపు బాలల గృహాల్లో దాదాపు 15,000 మంది పిల్లలున్నారు. వాళ్ళలో 85 శాతానికి పైగా పిల్లలకు తల్లో తండ్రో ఎవరో ఒకరు బతికే ఉన్నారు. సేవ చేయాలని బయలుదేరేవాళ్ళు మొదట తెలుసుకోవలసింది ఇదే. ఎక్కడికి వెళ్ళాలి, ఏ పని ఒప్పుకోవాలి, డబ్బు ఎవరి చేతికివ్వాలి అన్నవన్నీ దీన్నిబట్టే తేలతాయి.

తల్లిదండ్రులుండగా పిల్లలు అక్కడికెలా చేరారు? 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో అంతర్యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో పిల్లల్ని మావోయిస్టులు దళాల్లోకి లాక్కుపోతారేమోనని తల్లిదండ్రులు భయపడ్డారు. అప్పుడే దళారులు దిగారు. "మీ పిల్లల్ని కాఠ్మాండూలో మంచి బడిలో వేస్తాం, కడుపునిండా తిండి పెడతాం" అన్నారు. పొలం, పశువులు అమ్మి మరీ వాళ్ళకు డబ్బు కట్టినవాళ్ళున్నారు. మన ఊళ్ళలో పిల్లవాణ్ణి హాస్టల్లో వేసి రెండు మూడు నెలలకోసారి చూసివస్తుంటారు కదా, వాళ్ళూ అలాగే అనుకుని పంపారు. అక్కడ మాత్రం తల్లిదండ్రులు చనిపోయినట్టు దొంగ కాగితాలు పుట్టాయి, పిల్లల పేర్లు మారాయి, ఊరికి దారి మూసుకుపోయింది. యుద్ధం ముగిసినా వ్యాపారం ఆగలేదు. విదేశీ సందర్శకులు, వాళ్ళ విరాళాలు, వాలంటీర్ల ఫీజులు దాన్ని నిలబెట్టాయి. ఈ గృహాల్లో అత్యధిక భాగం కాఠ్మాండూ, లలిత్‌పుర్, భక్తపుర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్ జిల్లాల్లోనే ఉంటాయి. అంటే పర్యాటకులు తిరిగే చోట్లే. అనాథలు ఆ అయిదు జిల్లాల్లోనే పుట్టరు కదా.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి సుమారు 9,000 మంది చనిపోయినప్పుడు ఈ ప్రమాదం మళ్ళీ పెరిగింది. ప్రభుత్వం పిల్లల్ని అనుమతి లేకుండా జిల్లా దాటించకూడదని ఆంక్ష పెట్టింది, కొత్త గృహాల రిజిస్ట్రేషన్ ఆపింది. తర్వాతి కొద్ది వారాల్లో కనీసం 245 మంది పిల్లల్ని అక్రమ రవాణా నుంచి, అవసరం లేకుండా గృహాల్లో చేర్చడం నుంచి తప్పించగలిగారు.

కాబట్టి ఈ గైడ్ మొత్తానికి ఆధారం ఒక్కటే మాట: పిల్లల దగ్గరికి వెళ్ళకండి, పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. తల్లి, టీచరు, నర్సు, వార్డు ఆఫీసు ఉద్యోగి, సామాజిక కార్యకర్త, వీళ్ళ చేతికి బలం వస్తే పిల్లవాడు తన ఇంట్లోనే ఉంటాడు.

ముందు, ఏ పని వద్దో తేల్చుకోండి

పిల్లలు నివసించే గృహంలో ఉంటూ వాళ్ళకు స్నానాలు చేయించడం, నిద్రపుచ్చడం, ఆటలాడించడం లాంటి పనికి రెండు వారాలకో రెండు నెలలకో ఒప్పుకోకండి. మీ మనసు మంచిదే, అందులో సందేహం లేదు. హాని జరిగేది మీరు మంచివారు కాకపోవడం వల్ల కాదు, మీరు వెళ్ళిపోవడం వల్ల.

ఇలాంటి గృహం గుమ్మంలో అడుగుపెడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. నాలుగైదేళ్ళ పాప పరుగున వచ్చి మీ నడుము పట్టుకుంటుంది. మీ పేరు తెలియదు, మీరెవరో తెలియదు. అయినా ఎత్తుకోమని చేతులు చాపుతుంది, దించితే ఏడుస్తుంది. చూసినవాళ్ళకు కళ్ళు చెమ్మగిల్లుతాయి, "ఎంత ప్రేమ ఈ పిల్లకు" అనిపిస్తుంది. ఇంట్లో పెరిగిన నాలుగేళ్ళ పిల్లను గుర్తుచేసుకోండి. కొత్తవాళ్ళు వస్తే అమ్మ చీర కొంగు వెనక దాక్కుంటుంది, కాసేపు దూరం నుంచి చూస్తుంది, నమ్మకం కుదిరాకే దగ్గరికొస్తుంది. ఎవరు కనిపించినా అతుక్కుపోవడం అంటే, తనది అని చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. ప్రతి కొత్త వాలంటీరూ ఆ పాప అలవాటు పడేలోగా వెళ్ళిపోయే ఇంకో మనిషి అవుతారు.

ఇది ఊహాగానం కాదు. రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద జరిగిన దీర్ఘకాల పరిశోధనలో, సంస్థల్లోనే ఉండిపోయిన వాళ్ళకంటే పెంపుడు కుటుంబాలకు వెళ్ళినవాళ్ళు బాగా కోలుకున్నారు. రెండేళ్ళ లోపే వెళ్ళినవాళ్ళు మరింత మెరుగయ్యారు. మూడేళ్ళ లోపు పిల్లల్ని కుటుంబ వాతావరణంలోనే పెంచాలని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మీకు వచ్చిన పనిని రాసుకోండి

ఒక కాగితం తీసుకుని మీ ఊళ్ళో మీకు జీతం ఇచ్చి చేయించుకునే పని ఏదో రాయండి. అదే అక్కడ మీరు ఇవ్వగలిగింది. ఇక్కడ ఎప్పుడూ పాఠం చెప్పనివాళ్ళు అక్కడ టీచర్లు కాలేరు, ఇక్కడ ఇటుక పేర్చనివాళ్ళు అక్కడ గోడ కట్టలేరు. గోడ కట్టడానికి ఆ ఊళ్ళోనే మేస్త్రీలున్నారు, వాళ్ళకు ఆ కూలి కావాలి.

లెక్కలు తెలిసినవాళ్ళయితే చిన్న సంస్థలకు, సహకార సంఘాలకు ఖాతాలు రాయడం, ఆడిట్‌కు సిద్ధం చేయడం నేర్పవచ్చు. బీఈడీ చేసి కనీసం మూడేళ్ళు బోధించినవాళ్ళు ప్రభుత్వ బడి టీచర్ల పక్కన కూర్చుని పాఠం తయారీలో సాయపడవచ్చు. ఫిజియోథెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు చాలా విలువైనవాళ్ళు. వైకల్యం ఉన్న పిల్లల్ని ఇంట్లోనే ఎలా చూసుకోవాలో తల్లిదండ్రులకు నేర్పేవాళ్ళు దొరకకపోవడం వల్లే చాలామంది పిల్లలు గృహాలకు చేరతారు. డాక్టర్లు మాత్రం నేపాల్ మెడికల్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క మాత్ర కూడా రాయకూడదు. రెండు రోజుల ఉచిత శిబిరమైనా సరే. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పని చాలావరకు ఇంట్లో కూర్చునే చేయవచ్చు.

తర్వాత మీ దగ్గర ఎన్ని రోజులున్నాయో చూడండి. నెల కంటే తక్కువైతే ప్రయాణం మానుకుని ఆన్‌లైన్‌లో చేయండి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ, అంటే యూఎన్‌వీ, ఆన్‌లైన్ పనులకు 18 ఏళ్ళు నిండినవాళ్ళను తీసుకుంటుంది. వారానికి గరిష్ఠంగా 20 గంటలు, 12 వారాల దాకా. ఒకటి నుంచి మూడు నెలలుంటే, స్థానిక ఉద్యోగులకు ఒకే ఒక్క విషయంలో శిక్షణ ఇచ్చే పని ఎంచుకోండి. ఆరు నెలలు, ఆపైన ఉంటే యూఎన్‌వీ, వీఎస్‌ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) లాంటి సంస్థల పోస్టులకు ప్రయత్నించవచ్చు. యూఎన్‌వీ స్పెషలిస్టు పోస్టులకు 27 ఏళ్ళు నిండాలి. ఆ సంస్థ ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. దాని పేరు చెప్పి డబ్బు అడిగితే అది మోసమే.

సంస్థను వడపోయడం

దీనికి నాలుగైదు వారాలు పడుతుంది, పట్టనివ్వండి. తొందరపడితే జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది.

సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం అడగండి. నేపాల్‌లో స్వచ్ఛంద సంస్థలు జిల్లా ప్రశాసన కార్యాలయంలో రిజిస్టరై, దాన్ని రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. విదేశీ నిధులు తీసుకునేవి, స్వచ్ఛంద సంస్థల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ అయిన సమాజ కల్యాణ పరిషత్‌తోనూ అనుబంధం కలిగి ఉండాలి. కాగితం ఉందా అని కాదు, రెన్యువల్ ఈ ఏడాదిదా అని చూడండి. తేదీ విక్రమ సంవత్సరంలో ఉంటుంది కాబట్టి కంగారుపడకండి: అక్కడి 2075 సంవత్సరం మన 2018 ఏప్రిల్ మధ్యలో మొదలైంది. అదే లెక్కన 57 తీసేస్తే దాదాపు సరిపోతుంది, కాకపోతే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా 56 తీసేయాలి. దీంతోపాటు గత సంవత్సరం ఆడిట్ నివేదిక అడగండి. అందులో వచ్చిన డబ్బులో ఎంత భాగం వాలంటీర్ల ఫీజులదో చూడండి. సగానికి సగం అదే అయితే ఆ సంస్థకు వాలంటీర్లే ఆదాయం, పని కేవలం సాకు.

తర్వాత ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో అడిగితే జవాబు గాలిలో పోతుంది.

మీ దగ్గరున్న పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులు లేదా బంధువులు ఉన్నారు? గత ఏడాది ఎంతమంది ఇంటికి తిరిగి వెళ్ళారు? వాళ్ళను తర్వాత ఎవరు, ఎన్నిసార్లు చూసివచ్చారు? నన్ను తీసుకునే ముందు పోలీసు ధ్రువపత్రం, ఇద్దరి సిఫార్సులు అడుగుతారా? పిల్లల రక్షణ విధానం కాపీ పంపగలరా? నేను చేయబోయే పనిని స్థానికులెవరైనా జీతానికి చేస్తున్నారా? నేను వెళ్ళిపోయాక ఆ పని ఎవరు కొనసాగిస్తారు?

మంచి సంస్థ ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తుంది. "మీ అనుభవం మాకు ఇప్పుడు అవసరం లేదు" అని చెప్పే సంస్థ మీద గౌరవం పెంచుకోండి, అది నిజాయితీ. "ఎప్పుడైనా రావచ్చు, అర్హతలేమీ అక్కర్లేదు, ప్రేమ ఉంటే చాలు, మొదట అడ్వాన్సు కట్టండి" అన్నవాళ్ళను అక్కడితో వదిలేయండి. వెబ్‌సైట్ నిండా పిల్లల ముఖాలు, కింద పేరు, వయసు, "తండ్రి తాగుబోతు, తల్లి వదిలేసింది" లాంటి కథలు కనిపిస్తే, రేపు మీరు తీసే ఫొటో కూడా అక్కడికే చేరుతుందని గ్రహించండి.

ఫీజు ఉండడమే తప్పు కాదు. మీ గది, భోజనం, అనువాదకుడి ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా. కానీ పద్దు విడివిడిగా రాసి ఇమ్మనండి: వసతికి ఎంత, తిండికి ఎంత, మధ్యవర్తి సంస్థకు ఎంత, ఊరికి ఎంత. విడదీసి చెప్పలేకపోతే కట్టకండి.

కాగితాలు

బయలుదేరే తేదీకి నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి.

భారత పౌరులకు నేపాల్ వీసా అక్కర్లేదు. రెండు దేశాల మధ్య 1950లో కుదిరిన ఒప్పందం వల్ల అక్కడ ఉండడానికి, తిరగడానికి వెసులుబాటు ఉంది. కానీ పెద్దవాళ్ళకు పాస్‌పోర్ట్ గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండి తీరాలి. ఆధార్ చెల్లదు. విమానాశ్రయంలో కౌంటర్ దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళలో చాలామంది పొరపాటు ఇదే. 15 ఏళ్ళ లోపు, 65 ఏళ్ళ పైబడినవాళ్ళకు మాత్రమే వేరే గుర్తింపు పత్రాలు ఒప్పుకుంటారు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉన్న తెలుగువాళ్ళ సంగతి వేరు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు నేపాల్‌లో భారత పాస్‌పోర్ట్ కిందికి రాదు, వీసా తీసుకోవాలి. పర్యాటక వీసా 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125. ఆ వీసా మీద జీతం ఉన్నా లేకపోయినా పని చేయడం చట్టవిరుద్ధం, వాలంటీర్ పని కూడా అందులోకే వస్తుంది. "అందరూ టూరిస్టు వీసా మీదే వస్తారు, ఏం కాదు" అని సంస్థ చెబితే, చట్టాన్ని ఆ విషయంలో పట్టించుకోనివాళ్ళు పిల్లల విషయంలో పట్టించుకుంటారా అని ఆలోచించండి. ఆస్ట్రేలియా నుంచి వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి: 2017లో అక్కడి పార్లమెంటరీ విచారణ అనాథాశ్రమాల పేరిట జరిగే పిల్లల రవాణాను ఆధునిక బానిసత్వంలో భాగంగా పరిశీలించింది, మరుసటి ఏడాది ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది.

పోలీసు క్లియరెన్స్ పత్రాన్ని పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకోండి, ఫీజు 500 రూపాయలు. పాస్‌పోర్ట్‌లో ఉన్న చిరునామా, ఇప్పుడుంటున్న చిరునామా వేరైతే ఆలస్యమవుతుంది, అందుకే ముందు ఇది మొదలుపెట్టాలి. సంస్థ అడగకపోయినా తీసుకెళ్ళి ఇవ్వండి, వాళ్ళకూ అది అలవాటవుతుంది.

టీకాల కోసం ఎనిమిది వారాల ముందు డాక్టర్‌ను కలవండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం, తట్టు టీకాల సంగతి అడగండి. హెపటైటిస్ బి పూర్తి కోర్సుకు ఆరు నెలలు పడుతుంది కాబట్టి ముందే వేయించుకోని వాళ్ళు డాక్టర్‌తో ప్రత్యేకంగా మాట్లాడాలి. దక్షిణాన మన సరిహద్దును ఆనుకుని ఉన్న తరాయి మైదానంలో ఎక్కువ కాలం ఉండేవాళ్ళు మెదడువాపు టీకా, కుక్కలు తిరిగే ఊళ్ళలో పనిచేసేవాళ్ళు ముందస్తు రేబిస్ టీకా వేయించుకోవడం మంచిది. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే క్షయ పరీక్ష చేయించుకోకుండా వెళ్ళకండి. పోషణ సరిగా లేని పిల్లలకు మీ దగ్గు వల్లే పెద్ద ప్రమాదం. ప్రయాణ బీమాలో నేపాల్ పేరు స్పష్టంగా ఉందా, కొండల నుంచి హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఉందా చూడండి. 2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు రావచ్చు, హుమ్లా జిల్లా కేంద్రం సిమికోట్ అంతకంటే ఎత్తులోనే ఉంది.

ప్రయాణం, డబ్బు

హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా కాఠ్మాండూకు విమానం సులువు. ఖర్చు తగ్గించుకోవాలంటే హైదరాబాద్ నుంచి రక్సౌల్ దాకా రైలు, అక్కడి నుంచి బీర్‌గంజ్ సరిహద్దు దాటి బస్సు. లేదా గోరఖ్‌పుర్ మీదుగా సునౌలీ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొండచరియలు పడి రోడ్లు మూతపడతాయి. దసైఁ, అంటే మన దసరా సమయంలో బడులూ ఆఫీసులూ సెలవులో ఉంటాయి, ఆ రెండు వారాల్లో పని పెట్టుకోకండి. బడి సంవత్సరం ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. టీచర్లతో పనైతే మే నెలలో అక్కడుండడం బాగుంటుంది.

మన 100 రూపాయలు అక్కడ 160. ఈ మారకం స్థిరంగా ఉంటుంది, బేరం అక్కర్లేదు. పెద్ద భారత నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి కాబట్టి 100 రూపాయల నోట్లే పట్టుకెళ్ళండి. 2024 నుంచి యూపీఐతో చాలా దుకాణాల్లో క్యూఆర్ చెల్లింపు పనిచేస్తోంది గానీ కొండ ఊళ్ళలో దాన్ని నమ్ముకోవద్దు. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోండి.

మొదటి రెండు వారాలు

ఏమీ మార్చకండి. చూడండి, అడగండి, రాసుకోండి.

పలకరింపుతో మొదలుపెట్టండి. మన "మీరు"కు అక్కడ "తపాయీఁ", "నువ్వు"కు "తిమీ". పెద్దవాళ్ళను, టీచర్లను, ఆయాలను అందరినీ "తపాయీఁ" అనే పిలవండి. హిందీ వచ్చు కదా అని "తుమ్" అంటూ పోతే చిన్నచూపుగా వినిపిస్తుంది. అన్న "దాయి", అక్క "దీదీ". ఎంగిలి పట్టింపు మనలాగే ఉంటుంది, "జూఠో" అంటారు. సీసా మూతికి పెదవి తగలకుండా తాగడం, మీ కంచంలోంచి ఇంకొకరికి పెట్టకపోవడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చిందే. పొద్దున్నే టిఫిన్ ఉండదు. టీ తాగి, పదింటిలోపు దాల్ భాత్ తినేసి పనికి వెళ్తారు. శనివారం సెలవు.

వార్డు ఆఫీసుకు వెళ్ళి పరిచయం చేసుకోండి. నేపాల్‌లో 753 స్థానిక పాలికలు, అంటే మన మున్సిపాలిటీల్లాంటివి, ఉన్నాయి, ప్రతిదానికీ వార్డులుంటాయి. మీరు ఏ పనికి వచ్చారో వార్డు అధ్యక్షుడికి తెలియకపోతే, మీరు వెళ్ళిన మర్నాడే ఆ పని ఆగిపోతుంది.

పని ఎలా చేయాలి: ఒక చేతులు కడుక్కునే కుళాయి

బడిలో మరుగుదొడ్డి పక్కన చేతులు కడుక్కునే చోటు లేదనుకుందాం. మీరే డబ్బు పెట్టి సింకు, కుళాయి కట్టించవచ్చు. పైపు పగిలితే బాగుచేసేవాళ్ళుండరు. దానికి బదులు కాలితో తొక్కే కుళాయి, టిప్పీ ట్యాప్, పిల్లలతోనూ టీచర్లతోనూ కలిసి తయారు చేయండి.

కావలసినవి: 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పైన పంగ ఉన్న రెండు మీటర్ల కర్రలు రెండు, మీటరు పొడవు కర్రలు రెండు, తాడు, మేకు, గులకరాళ్ళు, సబ్బు. పంగ కర్రల్ని రెండడుగుల దూరంలో, అడుగున్నర లోతు పాతండి. డబ్బాకు మూత కింద నాలుగైదు అంగుళాల దిగువన వేడి మేకుతో సన్నని రంధ్రం చేయండి. డబ్బా చెవి గుండా మీటరు కర్ర దూర్చి, దాన్ని పంగల మధ్య పెట్టండి. మూతకు రంధ్రం చేసి, తాడు ముడివేసి, రెండో కొస నేల మీద పెట్టే తొక్కుడు కర్రకు కట్టండి. తొక్కితే డబ్బా ముందుకు వంగుతుంది, ధార వస్తుంది. చేయి కుళాయికి తగలదు, అదే దీని గొప్ప. కింద నాలుగైదు అంగుళాల గుంట తవ్వి గులకరాళ్ళు పోయండి, లేకపోతే బురదై దోమలు చేరతాయి. సబ్బుకు రంధ్రం చేసి తాడుతో వేలాడదీయండి, పైన సగం కోసిన సీసా బోర్లిస్తే వానకు కరగదు.

పాడయ్యేది ఎలా? రంధ్రం పెద్దదైతే డబ్బా పది మందికే ఖాళీ. తాడు పొట్టిదైతే డబ్బా ఎప్పుడూ వంగే ఉండి నీరు కారిపోతుంది. ఎండకు ప్లాస్టిక్ ఏడాదిలో పెళుసుబారుతుంది. సబ్బును కాకులు, ఎలుకలు ఎత్తుకెళ్తాయి. ఇవన్నీ చిన్నవి. అసలు ఆగిపోయేది నీళ్ళు నింపేవాళ్ళు లేక. కాబట్టి మొదటి కర్ర పాతకముందే హెడ్‌మాస్టర్‌తో కూర్చుని మూడు తేల్చండి: ఏ తరగతి ఏ వారం నీళ్ళు నింపుతుంది, సబ్బు డబ్బు బడి ఖర్చుల్లో ఏ పద్దు నుంచి వస్తుంది, డబ్బా పగిలితే ఎవరు కొంటారు. మీ జేబులోంచి సబ్బు కొనకండి. మొదటి కుళాయి మీరు చూపించండి, రెండోది టీచర్లు చేస్తుంటే చూడండి, మూడోది పిల్లలు చేస్తున్నప్పుడు మీరు అక్కడ ఉండకండి.

మీ పని ఖాతాలు రాయడం నేర్పడమైనా, పాఠం తయారీ అయినా వరస ఇదే. పాఠం విషయంలో మీరు బోర్డు దగ్గరికి వెళ్ళనే వెళ్ళకండి. వెనక బెంచీలో కూర్చోండి, తర్వాత టీచర్‌తో విడిగా మాట్లాడండి. పిల్లల ముందు సరిదిద్దితే ఆ టీచర్ మాట ఇక తరగతిలో చెల్లదు.

పిల్లలు ఎదురైనప్పుడు

ఊళ్ళో పనిచేస్తే పిల్లలు కనబడకుండా ఉండరు. ఒంటరిగా ఏ పిల్లవాడితోనూ గదిలో ఉండకండి. ఎత్తుకోమని వస్తే, అతని స్థాయికి వంగి నమస్తే చెప్పి, పక్కనున్న టీచర్ దగ్గరికో అమ్మ దగ్గరికో మళ్ళించండి. "మళ్ళీ వస్తాను", "నిన్ను చదివిస్తాను" అనకండి. ఆ మాట మీరు మరిచినా వాళ్ళు మరవరు. చాక్లెట్లు, పెన్నులు పంచితే మర్నాటి నుంచి చేయి చాచడం మొదలవుతుంది. ఇవ్వాలనుకుంటే బడికి ఇవ్వండి, టీచర్ చేతుల మీదుగా వెళ్ళనివ్వండి.

ఫొటోల విషయంలో మన దేశపు పద్ధతినే పాటించండి. సంరక్షణ అవసరమైన పిల్లల వివరాలు, ఫొటోలు బయటపెడితే ఇక్కడ బాలల న్యాయ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు గానీ రెండు లక్షల రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. మీ పిల్లల ఫొటోను ఎవరో విదేశీయుడు "పాపం" అని రాసి పెట్టుకుంటే ఎలా ఉంటుందో, అక్కడి తల్లికీ అలాగే ఉంటుంది.

తప్పు కనబడితే

ఏదైనా గృహంలో పిల్లల్ని కావాలనే చినిగిన బట్టల్లో ఉంచారనిపించినా, "మా అమ్మ ఊళ్ళో ఉంది" అని ఏ పిల్లవాడైనా చెప్పినా, దెబ్బలు కనిపించినా వెంటనే గొడవ పడకండి. గృహం నడిపేవాళ్ళు పిల్లల్ని రాత్రికి రాత్రే వేరే ఇంటికి తరలించేస్తారు, మళ్ళీ జాడ దొరకదు. తేదీ, సమయం, చూసింది చూసినట్టు, విన్నది విన్న మాటల్లోనే రాసుకోండి. మీ ఊహలు విడిగా రాయండి. పిల్లవాణ్ణి గుచ్చి గుచ్చి అడగకండి. నేపాల్ చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు కూడా మన దగ్గరున్నదే, 1098. అత్యవసరమైతే పోలీసు నంబర్ 100. రాతపూర్వక ఫిర్యాదు పాలికలోని బాలల సంక్షేమ అధికారికి, కాఠ్మాండూలోని జాతీయ బాలల హక్కుల పరిషత్‌కు పంపండి. మీరే పిల్లవాణ్ణి తీసుకుని ఊరికి బయలుదేరడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. చట్టం దృష్టిలో అది అపహరణ కావచ్చు. పైగా ఇంటికి చేర్చడం ఒక్కరోజు పని కాదు: ఊరు వెతకాలి, తల్లిని ముందు సిద్ధం చేయాలి, భాష మరిచిపోయిన పిల్లవాడు మళ్ళీ ఆ ఇంట్లో ఇమిడేదాకా నెలల తరబడి వెళ్ళి చూస్తుండాలి. ఆ పని తెలిసిన సామాజిక కార్యకర్తలు అక్కడున్నారు.

తిరిగి వచ్చేముందు, వచ్చాక

చివరి రెండు వారాల్లో కొత్త పని ఎత్తుకోకండి. మీరు చేసిందంతా నేపాలీలోకి అనువాదం చేయించి రెండు మూడు పేజీల్లో రాసివ్వండి: ఏది ఎక్కడుంది, ఎవరి బాధ్యత, ఏది పాడైతే ఎవరికి చెప్పాలి. వీడ్కోలు పది రోజుల ముందే చెప్పండి, చివరి రోజు పెద్ద సభ వద్దు.

డబ్బు పంపాలనుకుంటే, పిల్లల్ని గృహంలో ఉంచడానికి కాకుండా ఇంట్లో ఉంచడానికి ఖర్చు చేసే సంస్థకు పంపండి: బడి ఫీజు, తల్లికి మేక కొనుగోలు, వైకల్యం ఉన్న పిల్లవాడికి చక్రాల కుర్చీ. నేపాల్ సంస్థకు ఇచ్చే విరాళానికి మన ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. ఇదే పని మన దగ్గరా జరుగుతోందని తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద, కష్టంలో ఉన్న పిల్లవాణ్ణి ఇంట్లోనే ఉంచి చదివించడానికి స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలిస్తారు. మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తులు నింపడానికి, ఆ పథకం సంగతి తెలియని వితంతువులకు చెప్పడానికి మనుషులు కావాలి. దానికి వీసా, విమానం అక్కర్లేదు.

వచ్చిన మూడు నెలలకు ఆ బడికి ఫోన్ చేయండి. కుళాయి దగ్గర సబ్బుందా, ఈ వారం నీళ్ళు ఏ తరగతి నింపింది అని అడగండి. ఆగిపోయిందంటే ఎందుకు ఆగిందో వివరంగా తెలుసుకుని, మీరు రాసిచ్చిన ఆ పేజీల్లో చేర్చి మళ్ళీ పంపండి. మీ తర్వాత వెళ్ళేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడతారు.